సవరల ఆత్మబంధువు గిడుగు రామమూర్తి

పాఠ్యభాగ ఉద్దేశం

దానం అనగానే ధనమో, ధాన్యమో, వస్త్రమో మనకు స్ఫురిస్తాయి. ఎదుటివారి భాషను శ్రమించి నేర్చుకొని, ఆ భాషలోనే వారికి అక్షరాన్ని అందించడం కూడా దానమే. అట్టి దానం చేసిన గృహస్థు గిడుగు వెంకట రామమూర్తి. తెలుగు వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా ఆయన పేరు విద్యార్థులకు తెలిసినదే. ఆ ఉద్యమానికి ముందే ఆయన కొండకోనల్లోని సవరలకు చేసిన సేవను, అందుకు ఆయన కుటుంబం అందించిన సహకారాన్ని పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

నేపథ్యం

పార్వతీపురం మన్యం జిల్లాలో తూర్పు కనుమల ఒడిలో ఉన్న ఊరు కురుపాం. ఒకప్పుడు జమీందారీ కేంద్రం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడే వరకు విజయనగరం జిల్లాలో ఉండేది. కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట, భామిని మండలాల కొండవాలుల్లో సవరలు, జాతాపులు తరతరాలుగా నివసిస్తున్నారు. ఈ కొండల వరుస ఇక్కడితో ఆగదు. రాష్ట్ర సరిహద్దు దాటి, నేడు ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉన్న పర్లాకిమిడి వైపు సాగిపోతుంది. రామమూర్తి కార్యక్షేత్రం ఆ పర్లాకిమిడి. అక్కడి సవరలకూ కురుపాం కొండల సవరలకూ జాతి ఒక్కటే, భాష ఒక్కటే. కనుక పర్లాకిమిడిలో ఆయన వెలిగించిన దీపం ఈ కొండలన్నిటికీ చెందినది.

పాఠ్యభాగం

ఆంధ్రులను, శబరులను ఒకే వాక్యంలో పేర్కొన్న ప్రాచీన గ్రంథం ఐతరేయ బ్రాహ్మణం. తెలుగువారి జాతి నామం కనిపించే అతి పురాతన ప్రస్తావనల్లో అది ఒకటి. శబర శబ్దమే కాలక్రమంలో సవర అయిందని పండితులు భావిస్తారు. రామాయణంలో శ్రీరామునికి ఆతిథ్యమిచ్చిన శబరి కథ తెలియని తెలుగు ఇల్లు లేదు. ఇంత ప్రాచీనమైన ఇరుగుపొరుగు అయినప్పటికీ, మైదానంలోని తెలుగువారు కొండమీది సవరల భాషను నేర్చుకోవడానికి చేసిన ప్రయత్నం మాత్రం స్వల్పం. చింతపండు, అడ్డాకులు, తేనె తీసుకొని సవరలే కొండ దిగి వచ్చారు. సంతలో బేరం కుదరడానికి కావలసిన నాలుగు తెలుగు మాటలూ వారే నేర్చుకొన్నారు. ఆ దారిని తిరగవేసి, సవరల భాష కోసం తాను బయలుదేరిన తెలుగు ఉపాధ్యాయుడు రామమూర్తి.

బాల్యం, విద్యాభ్యాసం

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళానికి ఉత్తరాన ఉన్న పర్వతాలపేటలో జన్మించారు. వెంకమ్మ, వీర్రాజు ఆయన తల్లిదండ్రులు. వీర్రాజు పర్లాకిమిడి జమీలో రెవెన్యూ ఉద్యోగిగా పనిచేశారు. తరువాత చోడవరానికి బదిలీ అయి, 1875లో అక్కడే మరణించారు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్లు. తండ్రి నీడ తొలగిన ఆ బాలుడికి విజయనగరంలోని మేనమామ ఇల్లు ఆశ్రయమిచ్చింది. అక్కడి మహారాజావారి పాఠశాలలో ఆయన చదువు సాగింది. తరువాతి కాలంలో 'కన్యాశుల్కం' నాటకం రచించి ప్రసిద్ధికెక్కిన గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది.

1879లో రామమూర్తి మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. అదే సంవత్సరం వివాహం జరిగింది. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతంపై ఉపాధ్యాయునిగా చేరారు. పదిహేడేళ్ల ప్రాయానికే సంసారభారం, ఉద్యోగభారం రెండూ ఆయన భుజాలకెక్కాయి. బంధువుల ఇంట పెరిగి చదువుకొన్న ఆ బాలుడు, పెద్దవాడై తన ఇంటి తలుపును పరుల పిల్లలకు తెరిచి ఉంచడం గమనింపదగిన విషయం. తాను పొందిన ఆశ్రయాన్ని ఆయన అప్పుగా భావించినట్లు, ఆ అప్పును తనకు ఏ విధంగానూ బంధువులు కానివారికి తీర్చినట్లు ఆయన జీవితం చూస్తే అనిపిస్తుంది.

ఉద్యోగం దొరకగానే చదువు ముగిసిందని ఆయన తలపోయలేదు. ఉపాధ్యాయ వృత్తిలో ఉంటూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పరీక్షల్లో ఉత్తీర్ణులయ్యారు. చరిత్ర పాఠం చెప్పే రోజుల్లో సమీపంలోని ముఖలింగం ఆలయాల శాసనాలు ఆయనను ఆకర్షించాయి. ప్రాచీన లిపిని గురువు లేకుండానే అభ్యసించి, ఆ శాసనాలను చదివి, గాంగ వంశ రాజులను గురించి ప్రామాణిక వ్యాసాలు రచించారు. తెలియని లిపి ఎదురైతే వెనుదిరగడం కాక, దాని ముందు కూర్చుని నేర్చుకోవడం ఆయన స్వభావం. ఆ స్వభావమే తరువాత తెలియని భాష విషయంలోనూ ఉపకరించింది.

సవర భాషాభ్యాసం

పర్లాకిమిడి చుట్టుపట్ల కొండల నుంచి వచ్చే సవరలను ఆయన నిత్యం చూస్తుండేవారు. వారి స్థితి ఆయనను కలవరపెట్టింది. సాహుకారు పుస్తకంలో ఏ లెక్క రాసుకొన్నాడో సవర రైతుకు తెలియదు. కచేరీలో తన భూమిని గురించి ఏ కాగితంపై వేలిముద్ర పడుతున్నదో తెలియదు. ఏజెన్సీ ప్రాంతాల్లో వడ్డీలను, గిరిజనుల భూములు పరుల పాలు కావడాన్ని అరికట్టేందుకు మద్రాసు ప్రభుత్వం 1917లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చిందంటే నాటి పరిస్థితిని ఊహించవచ్చు. అక్షరం రానివాడికి చట్టం ఉన్నా దాని నీడ అందదు. చదువు ఒక్కటే వారికి రక్ష. కాని ఆ చదువు ఏ భాషలో చెప్పాలి? అప్పటి బడుల్లో ఉన్నవి తెలుగు, ఒడియా భాషలు. సవర బాలుడికి ఆ రెండూ పరాయి భాషలే.

ఈ ప్రశ్నకు సమాధానంగా రామమూర్తి 1890ల దశకంలో సవర భాషాభ్యాసానికి పూనుకొన్నారు. అప్పటికి ఆ భాషకు వాచకం లేదు, లిపి లేదు. సవర, తెలుగు రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తన ఇంట్లోనే ఉంచుకొని, ఆయన వద్ద మాట మాటగా నేర్చుకొన్నారు. సవర గ్రామాలకు వెళ్లి పాటలు, కథలు విన్నారు. విన్నదాన్ని వినినట్లే రాసుకొన్నారు. కళాశాల తరగతులకు పాఠం చెప్పే అధ్యాపకుడు కొండమీది మనిషి ఎదుట శిష్యునిగా కూర్చోవడం ఆనాటి సమాజంలో అపూర్వమైన విషయం. నేర్పదలచినవాడు ముందుగా నేర్చుకోవాలని ఆయన ఆచరించి చూపారు.

సవర భాష తెలుగుకు బంధువు కాదు. తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందినది. సవర ముండా శాఖకు చెందినది. ఆగ్నేయాసియాలోని ఖ్మేర్, వియత్నామీస్ భాషలతో దానికి దూరపు చుట్టరికం ఉంది. కనుక తెలుగు వ్యాకరణపు కొలతలు ఆ భాషకు సరిపోవు. 'చేపలు పట్టడం' అనే భావాన్ని తెలుగులో కర్మను, క్రియను వేర్వేరు పదాలుగా ఉంచి చెబుతాము. సవరలో 'చేప' అనే మాట కుదించుకొని క్రియలోనే ఇమిడిపోతుంది. ఒక వాక్యానికి చాలినంత అర్థం ఒక్క క్రియాపదంలో కూర్చవచ్చు. గొంతులో శ్వాసను ఒక్క క్షణం బిగించి వదిలే ధ్వని ఒకటి ఆ భాషలో ఉంది. దానికి తెలుగు వర్ణమాలలో అక్షరం లేదు.

సవరల లెక్క ఇంకా ఆసక్తికరమైనది. మనం పది వరకు లెక్కపెట్టి, ఆపై పదిని ఆధారంగా చేసుకొంటాము. సవరలు పన్నెండు వరకు విడివిడి పేర్లతో లెక్కిస్తారు. పదమూడు అంటే వారికి పన్నెండూ ఒకటీ. పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడూ. ఇరవైకి మళ్లీ వేరే పేరు. ముప్పై మూడు అనాలంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒకటి అని కూర్చాలి. ఈ పద్ధతి తెలియని పంతులు సవర బాలుడి చేత తెలుగు ఎక్కాలు వల్లె వేయించి, తప్పు చెప్పాడని బెత్తం ఎత్తితే తప్పు ఎవరిది? ఆ బాలుడికి లెక్క రాక కాదు. పంతులుకు ఆ బాలుడి లెక్క తెలియక. మాతృభాషలో బోధన ఎందుకు అత్యవసరమో ఈ ఒక్క ఉదాహరణ వల్ల స్పష్టమవుతుంది.

ఇల్లే పాఠశాల

భాష నేర్చుకోవడం రామమూర్తి లక్ష్యంలో సగభాగం మాత్రమే. నేర్చుకొన్న భాషలో వాచకాలు, కథల పుస్తకాలు, పాటల పుస్తకాలు రాశారు. మొదట తెలుగు లిపిలోనే సవర మాటలను కూర్చారు. సవర పిల్లల కోసం సొంత డబ్బుతో బడులు నెలకొల్పారు. ఆ బడుల ఉపాధ్యాయులకు జీతాలు తానే చెల్లించారు. చదువుకోవడానికి వచ్చిన సవర విద్యార్థులకు తన ఇంట్లోనే బస, భోజనం ఏర్పాటు చేశారు.

ఈ చివరి మాటను తేలికగా చదివి దాటిపోరాదు. మడి, ఆచారం, పంక్తిభేదం గట్టిగా పాటించే కాలమది. అగ్రవర్ణ గృహస్థు ఇంట కొండ బిడ్డలు కూర్చుని అన్నం తినడం ఊరివారు సులభంగా అంగీకరించే పని కాదు. రామమూర్తి పెద్ద జమీందారు కాదు, ఉపాధ్యాయుడు. నెల జీతంలో తన సంసారం గడవాలి, పిల్లలు పెరగాలి, పుస్తకాలు కొనాలి, బడుల జీతాలు చెల్లించాలి, ఇంటికి వచ్చిన విద్యార్థుల కంచాల్లోకి అన్నం రావాలి. ఇంటి యజమాని ఔదార్యం వీధి అరుగు మీద అందరికీ కనిపిస్తుంది. ఆ ఔదార్యాన్ని అన్నంగా మార్చేది మాత్రం వంటిల్లు. ఇల్లాలి సమ్మతి, ఓర్పు, చాకిరీ లేనిదే ఏ గృహస్థు దాతృత్వమూ నాలుగు రోజులు నిలువదు. రామమూర్తి సేవ దశాబ్దాల పాటు నిలిచిందంటే ఆ కీర్తిలో ఆ కుటుంబమంతటికీ భాగం ఉన్నదని గ్రహించాలి.

మన సంప్రదాయంలో గృహస్థాశ్రమానికి ఉన్నత స్థానం ఉంది. మిగిలిన మూడు ఆశ్రమాలవారికీ అన్నం పెట్టేవాడు గృహస్థు. సంసారాన్ని విడిచి లోకసేవ చేసినవారిని మనం చాలామందిని స్మరిస్తాము. సంసారాన్ని విడువకుండా, ఆ సంసారాన్నే లోకసేవకు సాధనంగా మలచినవారు అరుదు. రామమూర్తి ఆ అరుదైన కోవకు చెందినవారు. సీతాపతి వంటి కుమారులు సవర మాటలు వినిపించే ఇంట పెరిగారు. ఇంట్లో సవర విద్యార్థులు పరాయివారు కాదనే భావం పిల్లలకు పాఠంగా చెప్పవలసిన అవసరమే రాలేదు. ఒకే కప్పు కింద పెరగడమే ఆ పాఠం.

ప్రతిఫలం కోరని సేవ

సవర వాచకాల విషయంలో ఆయన ప్రవర్తన ప్రసిద్ధమైనది. ఆ పుస్తకాలకు మెచ్చి మద్రాసు ప్రభుత్వం ధన రూపంలో పారితోషికం ఇవ్వజూపినప్పుడు రామమూర్తి దానిని స్వీకరించలేదు. ఆ సొమ్ముతో సవరల కోసం ఒక మంచి బడి పెట్టించి, తన పుస్తకాలతో అక్కడ చదువు చెప్పించమని కోరారు. డబ్బు అక్కరలేనంతటి సంపన్నుడు ఆ మాట అనడం వేరు, తన జీతం నుంచే బడులకు ఖర్చు పెడుతున్న ఉపాధ్యాయుడు అనడం వేరు. పుస్తకం రాయడంతో రచయిత బాధ్యత తీరదని, దాన్ని చదివే పిల్లవాడు, చదివించే బడి ఉన్నప్పుడే అది పుస్తకమవుతుందని ఆయన అభిప్రాయం. 1913లో ప్రభుత్వం ఆయన సేవకు గుర్తింపుగా బిరుదునిచ్చింది. తరువాతి కాలంలో కైజర్-ఇ-హింద్ పతకంతో సత్కరించింది.

సవర భాషకు శాస్త్రీయమైన వ్యాకరణం నిర్మించడం ఆయన చేపట్టిన మహత్కార్యం. ఆనాడు మన దేశంలో ఆధునిక భాషాశాస్త్రం నేర్పే వ్యవస్థ లేదు. ఆయన పాశ్చాత్యుల గ్రంథాలు తెప్పించుకొని స్వయంగా చదివి, ధ్వనులను గుర్తించే విధానాన్ని, వ్యాకరణ నిర్మాణ పద్ధతిని అభ్యసించారు. సుమారు 35 సంవత్సరాల కృషి ఫలితంగా 1931లో ఆయన ఆంగ్లంలో రచించిన సవర భాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం ముద్రించింది. అదే దశాబ్దంలో సవర, ఆంగ్ల నిఘంటువులూ వెలువడ్డాయి. సవర భాషపై పనిచేసే పరిశోధకులు నేటికీ మొదట తెరిచి చూసే గ్రంథాలివి.

సేవకు చెల్లించిన మూల్యం

కొండ ప్రాంతాల్లో సంచారం ఆ రోజుల్లో ప్రమాదకరమైనది. మన్యపు జ్వరం అనే మాట వింటేనే మైదానంలోని ఉద్యోగులు భయపడేవారు. సవర గ్రామాల్లో తిరుగుతున్నప్పుడు రామమూర్తికి మలేరియా సోకింది. ఆ జ్వరానికి అప్పటి మందు క్వినైన్. దాన్ని వాడినందువల్ల ఆయన వినికిడి శక్తి దెబ్బతిని, క్రమంగా శాశ్వతమైన చెవుడుగా పరిణమించింది.

భాషా పరిశోధకునికి చెవి ప్రధానేంద్రియం. శిల్పికి చేయి ఎంతో, ధ్వనులను పరిశీలించేవాడికి చెవి అంత. ఏ భాష ధ్వనులను పట్టుకోవడానికి ఆయన కొండలెక్కారో, ఆ ప్రయాణమే ఆయన చెవిని హరించింది. అయినా ఆయన కృషి ఆగలేదు. అప్పటికే విని రాసుకొన్న సామగ్రి, కుమారుని సహకారం ఆయనకు ఆసరా అయ్యాయి. సవర వ్యాకరణం అచ్చయ్యేనాటికి ఆయన అరవై ఎనిమిదేళ్ల వృద్ధుడు.

సవర బడి నుంచి తెలుగు బడికి

రామమూర్తి 1911లో ఉద్యోగ విరమణ చేశారు. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే ఆయన దృష్టి తెలుగు బోధన వైపు మళ్లింది. విద్యార్థులు ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో చదివే గ్రాంథికం మరొకటి కావడం వల్ల వారి చదువు కుంటుపడుతున్నదని ఆయన గ్రహించారు. గురజాడ అప్పారావు వంటి మిత్రులతో కలిసి, శిష్టులు వ్యవహరించే భాషలోనే విద్యాబోధన, గ్రంథరచన సాగాలని వాదించారు. 1919లో కందుకూరి వీరేశలింగం అధ్యక్షతన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. అదే సంవత్సరం రామమూర్తి 'తెలుగు' అనే మాసపత్రికను నడిపారు. జయంతి రామయ్య వంటి పండితులతో ఆయన జరిపిన వాదోపవాదాలు మన సాహిత్య చరిత్రలో ప్రధాన ఘట్టాలు. చెవుడు ఆయనను సభలకు దూరం చేయలేదు.

ఈ రెండు కృషులను వేర్వేరుగా చూడడం పరిపాటి. నిజానికి వీటి మూలం ఒక్కటే. సవర బాలుడికి తెలుగు ఎంత పరాయిదో, తెలుగు బాలుడికి గ్రాంథికం కొంతవరకు అలాంటిదేనని ఆయనకు స్ఫురించి ఉంటుంది. నోటి భాషలో చదువు చెబితే పిల్లవాడు ఎంత త్వరగా అందుకొంటాడో ఆయన ముందుగా కొండల్లో ప్రత్యక్షంగా చూశారు. ఆ అనుభవాన్ని తరువాత మైదానానికి తెచ్చారు. ఈనాడు తెలుగు విద్యార్థి తాను మాట్లాడే భాషకు చేరువైన భాషలో పాఠాలు చదువుతున్నాడంటే, ఆ ఉపకారానికి సవర కొండలు కూడా కొంత కారణం. మనం వారికి ఇచ్చామని అనుకొనే చదువులో మనం వారి నుంచి పొందినది కూడా ఉంది.

చివరి సంవత్సరాలు

1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి, పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగువారు అధికంగా ఉన్న ఆ పట్టణాన్ని ఒరిస్సాలో కలపడాన్ని రామమూర్తి వ్యతిరేకించారు. అది జరిగిన పిమ్మట, ఐదు దశాబ్దాలకు పైగా నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరుకొన్నారు. డెబ్బై ఏళ్లు దాటిన వయస్సులో అల్లుకొన్న గూటిని వదలడం ఎంతటి వ్యథ కలిగించి ఉంటుందో ఊహించవచ్చు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను 'కళాప్రపూర్ణ' బిరుదుతో గౌరవించింది. 1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు.

కుమారుడు గిడుగు వెంకట సీతాపతి (1885-1969) తండ్రి బాటను విడువలేదు. సవర భాషాకృషిని కొనసాగించారు. తెలుగు సాహిత్య చరిత్రను గురించి, భాషను గురించి గ్రంథాలు రచించారు. పిల్లల కోసం గేయాలు రాశారు. తండ్రి ఆస్తిని కొడుకు అనుభవించడం లోకంలో సహజం. తండ్రి పూనికను కొడుకు తన పూనికగా స్వీకరించడం అంత సహజం కాదు. ఆ ఇంటి నుంచి సంక్రమించిన అసలైన ఆస్తి అదే.

నేటి కాలానికి సందేశం

రామమూర్తి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఆ రోజు ఆయనను తెలుగు కోసం పోరాడిన యోధునిగా కీర్తించడం సముచితమే. అయితే ఆయన మాతృభాష అన్నప్పుడు అది తెలుగు ఒక్కటే కాదు. ఎవరి తల్లి నోట ఏ మాట పలుకుతుందో ఆ మాట ఆ బిడ్డకు మాతృభాష. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కువి, కోయ, గోండీ మొదలైన ఎనిమిది భాషలలో గిరిజన బాలలకు ప్రాథమిక బోధన ఆరంభించింది. సవర పాఠాలకు తెలుగు లిపినే వాడింది. రామమూర్తి వేసిన తొలి అడుగుకు, ఈ ప్రభుత్వ ప్రయత్నానికి నడుమ గడిచినది దాదాపు నూరేళ్లు. ఒక గృహస్థు తన ఇంటి అరుగు మీద ఆరంభించిన పనిని ఒక ప్రభుత్వం అందుకోవడానికి అంత కాలం పట్టింది.

కురుపాం కొండల నుంచి కళాశాలకు వచ్చి, ఇంట్లో సవర, తరగతిలో తెలుగు మాట్లాడే విద్యార్థులు నేడు ఉన్నారు. వారి పక్క బల్ల మీద కూర్చునే విద్యార్థి వారి భాషలో పది మాటలు నేర్చుకొంటే అది చిన్న పనే. కాని రామమూర్తి జీవితకాల కృషి కూడా అట్లే ఒక్కొక్క మాటగా ఆరంభమైనది. ఆయన స్మృతికి అంతకంటె తగిన అంజలి వేరొకటి ఉండదు.

కఠిన పదాలకు అర్థాలు

స్ఫురించు : తోచు, మనసుకు తట్టు
గృహస్థు : సంసారి, ఇంటి యజమాని
సహాధ్యాయి : కలిసి చదువుకొన్నవాడు
ప్రామాణికం : నమ్మదగినది, ఆధారంగా గ్రహింపదగినది
అపూర్వం : ఇంతకుముందు లేనిది
పంక్తిభేదం : భోజన సమయంలో కొందరిని వేరుగా కూర్చోబెట్టడం
ఔదార్యం : ఉదార స్వభావం
పారితోషికం : మెప్పుతో ఇచ్చే కానుక
పరిపాటి : అలవాటు, వాడుక
పూనిక : సంకల్పం, పట్టుదలతో చేపట్టిన పని
శిష్టులు : విద్యావంతులు, సంస్కారవంతులు

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సవరల విద్య కోసం గిడుగు రామమూర్తి చేసిన కృషిని వివరించండి.
2. సవర భాషాకృషికి, తెలుగు వ్యావహారిక భాషోద్యమానికి గల సంబంధాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రామమూర్తి బాల్యం, విద్యాభ్యాసం గురించి తెలపండి.
2. సవరల లెక్కించే పద్ధతి ఎట్టిది? దాని ద్వారా పాఠం చెప్పదలచిన విషయం ఏమిటి?
3. గృహస్థు దాతృత్వంలో కుటుంబానికి గల పాత్రను వివరించండి.
4. రామమూర్తి తన సేవకు చెల్లించిన మూల్యం ఏది?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. రామమూర్తి ఎక్కడ జన్మించారు?
2. సవర ఏ భాషాశాఖకు చెందినది?
3. సవర భాషా వ్యాకరణం ఏ సంవత్సరంలో ముద్రితమైంది?
4. 1919లో రామమూర్తి నడిపిన పత్రిక పేరేమి?
5. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనకు ఇచ్చిన బిరుదు ఏది?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. "పంతులుకు ఆ బాలుడి లెక్క తెలియక."
2. "ఆ ఔదార్యాన్ని అన్నంగా మార్చేది మాత్రం వంటిల్లు."

V. సంధులు
సహాధ్యాయి = సహ + అధ్యాయి (సవర్ణదీర్ఘ సంధి)
విద్యార్థి = విద్యా + అర్థి (సవర్ణదీర్ఘ సంధి)
వాదోపవాదాలు = వాద + ఉపవాదాలు (గుణ సంధి)
అత్యవసరం = అతి + అవసరం (యణాదేశ సంధి)
ఇల్లాలు = ఇల్లు + ఆలు (ఉత్వ సంధి)

VI. సమాసాలు
తల్లిదండ్రులు : తల్లియును, తండ్రియును (ద్వంద్వ సమాసం)
తూర్పు కనుమలు : తూర్పున ఉన్న కనుమలు (విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం)
భాషాభ్యాసం : భాష యొక్క అభ్యాసం (షష్ఠీ తత్పురుష సమాసం)
ఎనిమిది భాషలు : ఎనిమిది సంఖ్య గల భాషలు (ద్విగు సమాసం)

VII. ప్రాజెక్టు పని
మీ కళాశాలలో తెలుగు కాక ఇతర భాషలు మాతృభాషగా గల విద్యార్థులను కలిసి, ఒకటి నుంచి ఇరవై వరకు అంకెల పేర్లు, బంధువులను పిలిచే పదాలు వారి భాషలో ఎలా ఉంటాయో అడిగి, తెలుగు లిపిలో పట్టికగా రాయండి. తెలుగు వర్ణమాలతో రాయడానికి వీలుకాని ధ్వనులు ఎదురైతే వాటిని ప్రత్యేకంగా గుర్తించండి.